ఇంట గెలిచి రచ్చ గెలువు



ఈ నెల సామెతను మీలో కొందరు అవ్వ నోటో తాత నోటో వినే ఉంటారు: ఇంట గెలిచి రచ్చ గెలువు. రచ్చ అంటే ఊళ్ళో పదిమంది కూడే చోటు. అక్కడ కూర్చోవడానికి కట్టిన అరుగును రచ్చబండ అంటారు. ముందు నీ ఇంట్లో, నిన్ను ఎరిగినవాళ్ళ మధ్య గెలువు, ఆ తరువాత బయట గెలవవచ్చు అని ఈ సామెత అర్థం. గుడిలో ఆదివారం తరగతిలో మా గురువుగారు దీన్ని నా చేత పలక మీద పదిసార్లు రాయించారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. చెయ్యి నొప్పి పుట్టిందే కానీ సామెత అర్థం కాలేదు. ఇప్పుడు, యాభై దాటాక, ఒక బాస్కెట్‌బాల్ పిల్లవాడి వల్ల కొంచెం అర్థమవుతోంది.

నేను చాట్స్‌వర్త్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. బుధవారం సాయంత్రం బాస్కెట్‌బాల్ టీమును చూసుకునే పని కూడా నాదే. ఆట బాగా తెలిసి కాదు. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి. గ్రేడ్ 11లో ఒక అబ్బాయి ఉన్నాడు. పేరు చెప్పను. మీటరు తొంభై మూడు ఎత్తు. బంతి వాడి చేతిలో ఉంటే మిగతా పిల్లలు ఆడడం మానేసి చూస్తారు.

ఒకరోజు వాడు తన ఫోను నా చేతిలో పెట్టాడు. ఎవరో ఒక ఏజెంటు వాడి వీడియో చూశాడట. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ టీముకు వాణ్ణి రిక్రూట్ చేయిస్తానని రాశాడు. ముందు 20,000 ర్యాండ్లు కట్టాలి. స్కాలర్‌షిప్ వచ్చాక అందులో పదో వంతు ఇవ్వాలి. శుక్రవారం లోపల సంతకం చెయ్యాలి. ఏ కాలేజీ అన్నది మాత్రం ఎక్కడా లేదు.

"మ్యామ్, మీరు మా నాయనకు చెప్పండి" అన్నాడు. చదివి గురువారం చెబుతానని వాడికి మాట ఇచ్చాను.

గురువారం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అవ్వ టీ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆమె ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది.

"రిక్రూట్ అంటే ఏంది టీచరమ్మా?" అని అడిగింది. "మా తాతను కూడా అట్లనే పిలుచుకొని వచ్చినారంట కదా."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది. ఓడ లిస్టులో వాళ్ళ తాత ఉన్న పేజీకి ఫోటోకాపీ. మీ ఇళ్ళలో కూడా ఇలాంటిది ఉండవచ్చు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఆ తాతకు ఎడమ కాలి మీద మచ్చ ఉందట. పక్కనే మనవడి ఫోనులో ఏజెంటు నింపమన్న ఫారం ఉంది. వయసు, ఎత్తు, బరువు, చేతుల పొడవు. నేను రెండింటినీ చూశాను. అవ్వ కూడా చూసింది.

మన కథ మీకు తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది నేటాల్‌కు వచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆ తరువాత ఏడాదికి ఒక షిల్లింగు ఎక్కువ. ఆ 'అగ్రిమెంటు' అన్న మాటే జనం నోట 'గిర్మిట్' అయింది. చాలామంది తాము చదవలేని కాగితం మీద వేలిముద్ర వేశారు. ఊళ్ళో మాట ఇచ్చిన మనిషి ఓడ ఎక్కలేదు. చెరకు తోటలో ఆ మాట గురించి అడుగుదామంటే అతను అక్కడ లేడు.

అయినా గిర్మిట్‌నూ స్కాలర్‌షిప్‌నూ ఒక్క గాటన కట్టకూడదు. ఈ పిల్లవాడు కావాలనుకుంటే విమానం ఎక్కి తిరిగి రావచ్చు. వాడికి చదవడం వచ్చు. కానీ అవ్వ అడిగిన ప్రశ్న సరైనదే. మాట ఇచ్చేది ఎవరు? ఆ మాట తప్పితే ఎవరి ముందు అడగాలి? మూడు రాత్రులు నేను చదివింది ఈ ప్రశ్న కోసమే.

అమెరికాలో కాలేజీ ఆట మన దగ్గరలా ఉండదు. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ చూడడానికి వేలమంది టిక్కెట్లు కొంటారు. టీవీలో వస్తుంది. ఎన్‌సీఏఏ అనే సంస్థ నియమాలు పెడుతుంది. మొదటి డివిజన్‌లోనే 350కి పైగా కాలేజీలు ఉన్నాయి. మూడో డివిజన్ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు. బడిలో బాస్కెట్‌బాల్ ఆడే నూరుమంది అమెరికా పిల్లల్లో సుమారు నలుగురే ఎన్‌సీఏఏ కాలేజీ టీముల్లోకి వెళతారు. వాళ్ళు ఆ దేశంలో పుట్టి పెరిగిన పిల్లలు.

కోచ్ పనిలో ఆట నేర్పడం ఒక భాగమే. పిల్లలను వెతకడం ఇంకో పెద్ద భాగం. అందుకోసం బడుల జిమ్ముల్లో కూర్చుంటాడు. బడి కోచ్‌తో స్నేహం పెంచుకుంటాడు. చివరికి ఇంటికి వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని మాట ఇస్తాడు. ఎప్పుడు ఫోను చెయ్యవచ్చో, ఎప్పుడు ఇంటికి రావచ్చో దానికి కూడా నియమాలున్నాయి.

తెలివైన కోచ్ ముందు సొంత ఊరి పిల్లలను చూస్తాడు. దీనికి కారణాలున్నాయి. పక్క వీధి పిల్లవాణ్ణి ఇరవైసార్లు చూడవచ్చు. దూరపు పిల్లవాణ్ణి రెండుసార్లు చూడడమే కష్టం. ఊరి పిల్లవాడు ఆడితే వాడి బంధువులు, బడి స్నేహితులు, గుడి వాళ్ళు, చర్చి వాళ్ళు చూడడానికి వస్తారు. పిల్లవాడికి ఇల్లు దగ్గర. "ఊరి చుట్టూ కంచె వెయ్యాలి" అని అక్కడి కోచ్‌లు అంటుంటారు. మంచి ఆటగాళ్ళు బయటి కాలేజీలకు పోకుండా చూడాలని వాళ్ళ ఉద్దేశం.

ఇంకో కారణం నాకు ఒక ఊరి కథ చదివాక తెలిసింది. ఆ ఊరు టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్.

మెంఫిస్‌లో ఆరెంజ్ మౌండ్ అనే పేట ఉంది. ఒకప్పుడు అది తోట యజమానుల భూమి. 1890లో ఆ భూమిని ముక్కలు చేసి నల్లవారికి అమ్మారు. వాళ్ళు సొంత ఇళ్ళు కట్టుకుని ఒక పేటను నిలబెట్టారు. అదే ఊళ్ళో అప్పట్లో మెంఫిస్ స్టేట్ అని పిలిచిన యూనివర్సిటీ ఉంది. 1959 వరకు అందులో నల్ల విద్యార్థులు లేరు. ఆ ఏడాది మొదటిసారి ఎనిమిదిమందిని చేర్చుకున్నారు.

1968లో ఆ ఊళ్ళో చెత్త ఎత్తే కార్మికులు సమ్మె చేశారు. చెత్త లారీలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయాక ఆ సమ్మె మొదలైంది. "నేను మనిషిని" అని రాసిన బోర్డులు పట్టుకుని వీధుల్లో నడిచారు. వాళ్ళకు తోడుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఆ తరువాత ఆ ఊళ్ళో నల్లవారికీ తెల్లవారికీ మధ్య నమ్మకం ఎంత మిగిలి ఉంటుందో మీరే ఆలోచించండి. మనకు కూడా అలాంటి రోజులు తెలుసు.

అప్పుడు ఆరెంజ్ మౌండ్‌లోని మెల్‌రోజ్ హైస్కూల్లో ల్యారీ ఫించ్ అనే కుర్రవాడు చదువుతున్నాడు. గొప్ప ఆటగాడు. అతని బడి స్నేహితుడు రోనీ రాబిన్సన్ కూడా అంతే. ఊళ్ళోని యూనివర్సిటీ వాళ్ళను పిలిచింది. పేటలో చాలామంది వెళ్ళవద్దన్నారు. మనల్ని మనుషులుగా చూడని చోటికి మన పిల్లలు ఎందుకు వెళ్ళాలి అని వాళ్ళ బాధ. ఇక్కడ మన పెద్దవాళ్ళకు కూడా ఇలాంటి బాధే ఉండేది. 1961లో ప్రభుత్వం భారతీయులకని సాలిస్‌బరీ దీవిలో వేరే కాలేజీ పెట్టినప్పుడు, అక్కడ చేరడమా మానడమా అని ఇళ్ళలో వాదాలు జరిగాయి.

ఫించ్, రాబిన్సన్ ఇద్దరూ చేరారు. 1973లో ఆ టీము మొదటిసారి దేశపు ఫైనల్ దాకా వెళ్ళింది. ఎదురుగా యూసీఎల్ఏ. సగం ఆట అయ్యేసరికి 39-39. తరువాత బిల్ వాల్టన్‌ను ఎవరూ ఆపలేకపోయారు. అతను 22సార్లు బంతి వేస్తే 21సార్లు బుట్టలో పడింది. 44 పాయింట్లు. ఫించ్ 29 చేశాడు. మెంఫిస్ 87-66తో ఓడిపోయింది. ఓడినా ఊరు వాళ్ళను తనవాళ్ళే అనుకుంది. ఆ టీము ఊరి గాయాన్ని మాన్పిందని చాలామంది అంటారు. నేను అంత దూరం వెళ్ళను. ఒక ఆట జీతాలు పెంచదు, పోయిన ప్రాణాలు తేదు. కానీ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే హాలులో కూర్చుని ఒకే పేరు పెట్టి అరిచారు. అదైనా జరిగింది.

నాకు ముఖ్యమైనది ఆ తరువాతి కథ. 1986లో ఫించ్ అదే యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. ఇప్పుడు ఇళ్ళకు వెళ్ళి అమ్మల ముందు కూర్చోవడం అతని వంతు. ట్రెడ్‌వెల్ హైస్కూలు నుంచి పెన్నీ హార్డవే అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. పెన్నీని పెంచింది వాళ్ళ అవ్వ. మొదటి ఏడాది మార్కులు చాలక నియమం ప్రకారం పెన్నీ ఆడలేకపోయాడు. అదే సమయంలో దొంగలు అతని కాలి మీద కాల్చారు. అలాంటి పిల్లవాణ్ణి దూరపు కాలేజీ ఒకటి మరిచిపోయి ఉండవచ్చు. సొంత ఊరికి మరిచిపోవడం అంత సులభం కాదు. పెన్నీ చదువుకున్నాడు, మార్కులు తెచ్చుకున్నాడు, రెండేళ్ళు ఆడాడు. 1993లో ఎన్‌బీఏకు వెళ్ళాడు. డిగ్రీ కోసం మళ్ళీ వచ్చి 2003లో పూర్తి చేశాడు. 2018లో అతనే అక్కడ కోచ్ అయ్యాడు.

చూశారా? ఫించ్ ఇచ్చిన మాట ఎవరి ముందు ఇచ్చాడు? తన పేట ముందు. మాట తప్పితే రేపు అదే సంతకు, అదే చర్చికి వెళ్ళాలి. అవ్వ ఎదురుపడి అడుగుతుంది. ఊరి పిల్లలను తీసుకోవడంలో ఉన్న అసలు బలం ఇదే. మాటకు సాక్షులు ఉంటారు.

ఊరు దగ్గరైతే చిక్కులు రావా? వస్తాయి. పెన్నీ హార్డవే 2017లో ఒక హైస్కూలు టీముకు కోచ్‌గా ఉన్నప్పుడు, జేమ్స్ వైజ్‌మన్ అనే ఆటగాడి కుటుంబం మెంఫిస్‌కు మారడానికి 11,500 డాలర్లు ఇచ్చాడు. తరువాత హార్డవే కాలేజీ కోచ్ అయ్యాడు. వైజ్‌మన్ అక్కడే చేరాడు. హార్డవే 2008లో యూనివర్సిటీకి పది లక్షల డాలర్లు ఇచ్చి ఉన్నాడు. అందువల్ల ఆ సాయం నియమానికి విరుద్ధమని ఎన్‌సీఏఏ అంది. 2019లో వైజ్‌మన్‌ను 12 ఆటలకు పక్కన పెట్టింది. 2022లో విచారణ ముగిసినప్పుడు హార్డవేకు శిక్ష పడలేదు. కానీ పిల్లవాడి ఆటలు పోయాయి. మూడు ఆటలే ఆడి కాలేజీ వదిలేశాడు. ప్రేమతో చేసిన సాయమైనా నియమం చదివి చెయ్యాలి.

ఇప్పుడు మన చాట్స్‌వర్త్ ఇంటికి తిరిగి వద్దాం.

నియమాలు చదివితే ఒక విషయం తెలిసింది. పిల్లవాడి వివరాలు కాలేజీలకు పంపడానికి ఎవరైనా ఫీజు తీసుకోవచ్చు. కానీ స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు ఇంత అని తీసుకోకూడదు. అలా ఒప్పుకుంటే పిల్లవాడికి ఆడే అర్హతే పోవచ్చు. ఏజెంటు అడిగిన 'పదో వంతు' సరిగ్గా అదే. వాళ్ళ నాయన సంతకం చేసి ఉంటే 20,000 ర్యాండ్లతో పాటు ఆట కూడా పోయేదేమో.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం వస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి.

మాట ఇస్తున్నది ఎవరు? కాలేజీ కోచా, మధ్యవాడా? కాలేజీ పేరు చెప్పమనండి. కాలేజీ ఆఫీసు నంబరు మీరే వెతికి ఫోను చెయ్యండి. వాళ్ళిచ్చిన నంబరుకు కాదు.

కాగితం మీద ఏముంది? ఏ డివిజన్? ఒక ఏడాదికా, నాలుగేళ్ళకా? ఫీజు మాత్రమేనా, గది, భోజనం కూడానా? కాలు విరిగితే ఏమవుతుంది? 2021 నుంచి అక్కడి ఆటగాళ్ళు తమ పేరు, ఫోటోల మీద డబ్బు సంపాదించుకోవచ్చు. కానీ స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకు దానికి అడ్డంకులున్నాయి. "అక్కడ సంపాదించి అప్పు తీర్చవచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అక్కడ మనకు సాక్షి ఎవరు? ఆ ఊళ్ళో ఒక కుటుంబమో, ముందే వెళ్ళిన మన దేశపు విద్యార్థో, ఎవరైనా ఒకరు ఉండాలి. లేకపోతే వెళ్ళేలోపల వెతుక్కోవాలి.

ఇంకొకటి టీచరుగా చెబుతున్నాను. ఆటతో పాటు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు మార్కులు కూడా చూస్తారు. మన అబ్బాయికి లెక్కల్లో 48.

వాళ్ళ నాయన సంతకం చెయ్యలేదు. శుక్రవారం ఏజెంటు ఒకసారి ఫోను చేశాడు. శనివారం "ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశాం" అని మెసేజి వచ్చింది. అది నిజమో కాదో నేను చెప్పలేను. వాడు మాత్రం నిజమే అనుకున్నాడు. రెండు బుధవారాలు నా ముఖం చూడలేదు. బంతిని గోడకేసి కొట్టాడు. నేను ఏమీ అనలేదు. పదహారేళ్ళ పిల్లవాడికి తలుపు మూసినది ఎవరో ఒకరు కావాలి. అది నేనే అయ్యాను.

మూడో బుధవారం వాడు సంచిలోంచి ఒక కాగితం తీశాడు. పది కాలేజీల పేర్లు, వాటి కోచ్‌ల చిరునామాలు రాసుకున్నాడు. "వీళ్ళకు నేనే రాస్తాను మ్యామ్. స్పెల్లింగు మీరు చూడండి" అన్నాడు. లెక్కలకు సోమవారం రమ్మన్నాను. వస్తున్నాడు. ఆ పదిమందిలో ఇంతవరకు ఒక్కరే జవాబు రాశారు, అది కూడా "మార్కులు పంపండి" అని. ఏమవుతుందో నాకు తెలియదు.

ఆ గురువారం టీ తాగుతూ నేను పెద్దమ్మను అడిగాను. "మీరు వాడి ఆట ఎప్పుడైనా చూశారా పెద్దమ్మా?"

"నేనెందుకు చూస్తాను? నాకేం తెలుసు ఆట?" అంది.

పోయిన శనివారం పక్క బడితో ఆట జరిగింది. ఆమె వచ్చింది. చీర మీద స్వెట్టరు వేసుకుని మొదటి వరుసలో కూర్చుంది. విజిల్ ఊదినప్పుడల్లా "ఇప్పుడేమైంది టీచరమ్మా?" అని అడిగింది. రెండో సగంలో అడగడం మానేసింది. ఆట అయ్యాక వాడు చెమటతో ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె తల పైకెత్తి చూసి, "ఎడమ చెయ్యి సరిగ్గా వాడడంలేదు నువ్వు" అంది.

నిజమే. నేను ఏడాదిగా చెబుతున్నది అదే.

ఈ నెల మాటలు

మాట ఇవ్వడం: చేస్తానని చెప్పడం. "టీచరు గురువారం చెబుతానని మాట ఇచ్చింది."
మాట నిలబెట్టుకోవడం: చెప్పింది చెయ్యడం. హరిశ్చంద్రుడి కథ గుర్తుందా?
మాట తప్పడం: చెప్పింది చెయ్యకపోవడం.
సాక్షి: జరిగింది కళ్ళతో చూసిన మనిషి.
ఒక్క గాటన కట్టడం: వేరు వేరు వాటిని ఒకటే అనుకోవడం. గాట అంటే పశువులను కట్టేసే చోటు.

ఇంటి పని: మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మన కుటుంబంలో మొదట ఓడ ఎక్కింది ఎవరు? వాళ్ళకు మాట ఇచ్చింది ఎవరు? జవాబు తెలుగులో అయిదు వాక్యాలు రాసి పంపండి. తప్పులుంటే భయపడకండి. నా తప్పులు కూడా ఇప్పటికీ ఎవరో ఒకరు దిద్దుతూనే ఉన్నారు.

వచ్చే నెల కలుద్దాం.